చెడ్డ వార్త మీ దాకా ఎంతసేపట్లో వస్తోంది?

అనంతపురం నుంచి అడిగిన పిల్లల డాక్టరు గారికి నమస్కారం.

మీరు రాసినది రెండుసార్లు చదివాను. 15 పడకల ఆసుపత్రి, పెట్టి ఏడాదిన్నర, స్టాఫ్ 14 మంది. ఆరు నెలల్లో ఆరుగురు మానేశారు. జీతాలు రెండేసి వేలు పెంచినా ఆగలేదు. పగిలినవాటికి, పోయినవాటికి జీతంలో కోత పెడుతున్నారు, అయినా జాగ్రత్త రాలేదు. లెక్కలూ స్టాఫ్ వ్యవహారాలూ మీ బావమరిది చూస్తున్నారు. మిగిలిన ఒక్క సీనియర్ సిస్టర్ కూడా ఇప్పుడు నోటీసు ఇచ్చింది. "స్ట్రిక్ట్‌గా ఉండాలా, మంచిగా ఉండాలా మేడం?" అని అడిగారు.

నేనూ పిల్లల డాక్టర్నే. కర్నూల్లో 2001లో 8 పడకలతో మొదలుపెట్టాను. ఇప్పుడు 30 పడకలు, 41 మంది స్టాఫ్. వాళ్లలో పదేళ్లు దాటినవాళ్లు 11 మంది ఉన్నారు. కానీ మొదటి నాలుగేళ్లలో నా దగ్గర ఏడాది నిండా పనిచేసిన సిస్టర్ ఒక్కరూ లేరు. రాత్రి ఎనిమిదికి రావలసిన అమ్మాయి రాకపోతే, ఇంట్లో చంటిబిడ్డను అత్తగారికి అప్పజెప్పి నేనే వార్డులో డ్యూటీ చేసిన రోజులున్నాయి. కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

స్ట్రిక్ట్‌గానూ ఉండి చూశాను, మెత్తగానూ ఉండి చూశాను. రెండింటితోనూ మనుషులు వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో నాకు ఉపయోగపడిన కొలత ఒక్కటే: ఆసుపత్రిలో ఏదైనా తప్పు జరిగితే, ఆ సంగతి నా చెవిన పడటానికి ఎంతసేపు పడుతోంది? ఐదు నిమిషాల్లో పడితే ఆసుపత్రి బాగుంది. మర్నాడు పడితే స్టాఫ్ నన్ను చూసి భయపడుతున్నారు. బయటివాళ్ల ద్వారా తెలిస్తే నా స్టాఫ్ మనసులో నేను లేను. మనుషులు నిలవడం, నిలవకపోవడం కూడా చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

2004లో జరిగింది చెబుతాను. ఎనిమిది కిలోల పాప, జ్వరంతో చేరింది. కేస్ షీట్‌లో పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్ అని రాశాను. మేము వాడే సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాములు ఉంటుంది. కిలోకు 15 చొప్పున ఎనిమిది కిలోలకు 120, సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి వార్డులో సిరప్ అయిపోయింది, డ్రాప్స్ సీసా ఉంది. డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు. కొత్తగా చేరిన సిస్టర్, మందు పేరు అదే కదా అని డ్రాప్స్ 5 ఎంఎల్ పట్టేసింది. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారి నాలుగింటికి ఇంకోసారి. రెండోసారి పట్టాక సీసా మీద అంకె చూసుకుంది. చూసి కూడా నాకు ఫోన్ చేయలేదు. ఎనిమిదికి డ్యూటీ దిగి హాస్టల్‌కు వెళ్లిపోయింది. పదకొండింటికి రౌండ్స్‌లో ఆ సీసా నేను చేతిలోకి తీసుకున్నాను. కొత్త సీసా, అప్పుడే సగానికి పైగా అయిపోయి ఉంది. పిలిపించాను. గది తలుపు దగ్గరే నిలబడి ఏడ్చేసింది.

పారాసెటమాల్ ఎక్కువైనప్పుడు ఇచ్చే విరుగుడు మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. నాకు తెలిసేసరికి మొదటి డోసు పడి 13 గంటలు. పాపకు పడింది మొత్తం వెయ్యి మిల్లీగ్రాములు, అంటే కిలోకు 125. లివర్‌కు ప్రమాదం అని మనం లెక్కపెట్టుకునే 150కి కొంచెం ఇవతల ఆగింది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. రక్తపరీక్షలు చేయించి, రెండు రోజులు ఎక్కువ ఉంచుకుని పంపాను. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.

ఎందుకు ఫోన్ చేయలేదమ్మా అని అడిగితే ఆ అమ్మాయి ఒకే మాట చెప్పింది: "మీరు మళ్లా అట్ల అంటారని భయమైంది మేడం." అంతకు వారం ముందు ఒక పిల్లవాడికి క్యాన్యులా (డ్రిప్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) పెట్టడానికి మూడుసార్లు గుచ్చింది. పదిమంది అటెండర్ల (పేషెంట్లతో వచ్చిన బంధువుల) ముందు, "నీకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు?" అన్నాను. ఆ మాట అన్నట్టే నాకు గుర్తులేదు. ఆమెకు మాత్రం రాత్రి నాలుగింటికి, చేతిలో డ్రాప్స్ సీసా పట్టుకుని ఫోన్ దగ్గర నిలబడినప్పుడు కూడా ఆ మాటే గుర్తుంది.

తప్పు ఆమె చేతిలో జరిగింది. కానీ సిరప్పులూ డ్రాప్సూ ఒకే అరలో పెట్టించింది నేను. కేస్ షీట్‌లో మిల్లీగ్రాములు రాయకుండా ఎంఎల్ మాత్రమే రాసింది నేను. ఫోన్ ఎత్తనీయకుండా చేసింది కూడా నా నోరే. ఆ రోజు నుంచి వార్డులో డ్రాప్స్ ఉంచడం మానేశాం, ప్రతి మందుకూ మిల్లీగ్రాములు, ఎంఎల్ రెండూ రాస్తున్నాను. ఆ అమ్మాయి ఆ తర్వాత నా దగ్గర ఆరేళ్లు పనిచేసింది.

ఇప్పుడు మీ కోతల సంగతి. దయచేసి ఈ నెల నుంచే ఆపేయండి. నెబ్యులైజర్ కింద పడి పాడైతే మీకు పోయేది రెండువేలు. జీతంలో కోస్తారని భయపడి దాన్ని తుడిచి యథాస్థానంలో పెట్టేస్తే, రాత్రి రెండింటికి ఆయాసంతో వచ్చిన పిల్లవాడికి పెట్టబోయినప్పుడు అది పనిచేయదు. కోత వల్ల జాగ్రత్త రాదు, దాచడం వస్తుంది. నేను కూడా మొదట్లో పెనాల్టీల పుస్తకం పెట్టాను. రెండేళ్లలో వసూలైంది నాలుగు వేలు కూడా లేదు. ఆ పుస్తకం ఉన్నంతకాలం నా దగ్గర "ఎవరు పగలగొట్టారు?" అంటే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు దాని బదులు ఒక నోట్‌బుక్ ఉంది, మావాళ్లు దాన్ని "తేడా బుక్కు" అంటారు. ఏం తేడా వచ్చింది, ఎన్నింటికి, ఏం చేశాం, అంతే రాస్తారు. పేరు రాయరు. అందులో మొదటి ఎంట్రీ నా చేతిరాతే: ఒక బాబు బరువు పాత షీట్‌లోంచి చూసి డోసు తప్పు రాశాను, సిస్టర్ పట్టుకుంది. నేను రాశాకే మిగతావాళ్లు రాశారు. మీ పుస్తకంలో కూడా మొదటి తప్పు మీదే ఉండాలి.

ఆ పుస్తకం ఏం ఇస్తుందో ఒక ఉదాహరణ. ఒక ఎండాకాలం ఉదయం ఐదున్నరకు మా ఆయమ్మ ఫోన్ చేసింది. "మేడం, టీకాల ఫ్రిజ్ ఆరిపోయిండాది. రాత్రి ఎవురో ప్లగ్గు పీకి ఫోన్ ఛార్జింగ్ పెట్టినట్టుండారు. నేను తలుపు తెరవలేదు, మీరొచ్చేదాకా తెరవనీయను." వెళ్లి చూస్తే లోపల థర్మామీటర్ 16 డిగ్రీలు చూపిస్తోంది. టీకాలు ఉండాల్సింది 2 నుంచి 8 మధ్య. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు కాబట్టి లోపలున్నవన్నీ పక్కన పెట్టేశాం. వేలల్లో నష్టం. ఆ రోజు టీకాలకు వచ్చినవాళ్లను రెండు రోజులాగి రమ్మని పంపాం. ఆమె గమ్మున ప్లగ్గు పెట్టేసి ఉంటే ఏం జరిగేది? ఎనిమిదికల్లా ఫ్రిజ్ చల్లబడేది, ఎవరికీ తెలిసేది కాదు, పాడైన టీకాలు పిల్లలకు వేసేసేవాళ్లం. ఆమె చదివింది ఐదో తరగతి. ఆ రోజు పొద్దున్నే అందరి ముందూ ఆమెకు థాంక్స్ చెప్పాను. ప్లగ్గు పీకిందెవరో వెతకలేదు. ఫ్రిజ్‌కు ప్రత్యేకంగా ఒక పాయింట్ పెట్టించి, దానికి స్విచ్ లేకుండా చేయించాను, వార్డులో ఫోన్లకు వేరే బోర్డు పెట్టించాను. రాత్రి డ్యూటీవాళ్లకు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోటు లేదని అప్పటిదాకా నాకు తట్టలేదు.

సూది గుచ్చుకోవడం కూడా ఇంతే. మీ సిస్టర్లలో ఎంతమందికి ఈ ఏడాదిన్నరలో సూది గుచ్చుకుందో మీకు తెలుసా? ఒక్కరికీ లేదంటే మీకు చెప్పలేదనే అర్థం. హెచ్ఐవీ భయం ఉన్న కేసైతే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, వీలైతే 2 గంటల్లోనే, 28 రోజులు వాడాలి. తిడతారని దాచిపెడితే నష్టపోయేది ఆ పిల్ల జీవితం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, చేరిన ప్రతి ఒక్కరికీ మీ ఖర్చుతో వేయించండి, చెత్త మోసే ఆయమ్మతో సహా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఇది ఉంది. మా దగ్గర కొత్తవాళ్లు చేరిన రోజే మొదటి డోసు నేను నా చేత్తో వేస్తాను. ఆ ఐదు నిమిషాల్లో ఆ అమ్మాయి ఊరేది, నాన్న ఏం చేస్తాడు, ఎక్కడ ఉంటోంది, అన్నీ తెలుస్తాయి.

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది కోత కాదు. "అటెండర్లు గొడవ చేస్తే రిసెప్షన్ అమ్మాయిని వాళ్ల ముందే మందలిస్తాను, అప్పుడు వాళ్లు శాంతిస్తారు" అని మామూలుగా రాసేశారు. వాళ్లు శాంతిస్తారు, నిజమే. ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? మీరు చెప్పిన రూలే పాటించింది. టోకెన్ ప్రకారం పంపింది. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో మొదటి బస్సుకు వచ్చి కూర్చున్నవాళ్లను దాటించి, గట్టిగా అరిచినవాళ్లను లోపలికి పంపలేదు. దానికి ఆమెకు దక్కింది తిట్టు. రేపటి నుంచి ఆమె చేసేది ఒకటే, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లను ముందు పంపుతుంది. మీరే నేర్పారు. ఆమె ఇంటికెళ్లి అమ్మకు ఏం చెబుతుందో కూడా ఆలోచించండి. మన సీమలో ఆడపిల్లను ఆసుపత్రి పనికి పంపడమంటేనే ఇంట్లో పది మాటలు అనుకుంటారు. నలుగురిలో తిట్టించుకుని వచ్చిందంటే మర్నాడు పంపరు. మీరు పెంచిన రెండు వేలు ఆ మాటను కొనలేవు.

గొడవ మొదలైతే మీరు గదిలోంచి బయటికి రండి. స్టాఫ్‌కూ అటెండర్లకూ మధ్యలో మీరు నిలబడండి. "ఆ రూలు నాది, ఆమెది కాదు. నాతో మాట్లాడండి" అనండి. తప్పు మీ అమ్మాయిదే అయితే సాయంత్రం ఓపీ అయ్యాక, తలుపేసి, ఒక్కదానితోనే చెప్పండి. పిల్లవాడి పరిస్థితి విషమించినప్పుడు, చనిపోయినప్పుడు ఇది మరీ ముఖ్యం. మన దగ్గర ఊరి నుంచి జీపులో పదిమంది దిగుతారు. ఆ వార్త చెప్పాల్సింది మీరే. సిస్టర్ చేత చెప్పించి మీరు వెనకుండిపోతే ఆమె మీద చెయ్యి పడే అవకాశం ఉంది. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు శిక్ష పడే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచీ ఉంది. పోలీసులకు ఫోన్ చేసే అధికారం వాచ్‌మన్‌కూ నైట్ సిస్టర్‌కూ ముందే ఇచ్చి ఉంచండి, మిమ్మల్ని అడిగి చేయనక్కర్లేదని చెప్పండి.

రిసెప్షన్ అమ్మాయికి రూలుతో పాటు రూలు దాటే అధికారం కూడా ఇవ్వాలి. పిల్లల్లో ప్రమాద సూచనలు నాలుగు మీకు తెలిసినవే: పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం. వీటికి తోడు ఆయాసం, రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం. ఇవి రిసెప్షన్‌లో, సెక్యూరిటీ దగ్గర, మందుల షాపులో ఉన్న ప్రతి ఒక్కరికీ నేర్పించండి. వీటిలో ఒక్కటి కనబడినా టోకెన్ లేదు, ఫీజు లేదు, నేరుగా లోపలికి. ఎవరు ఫోన్ చేసినా, ఎంత పెద్దమనిషి సిఫారసు చేసినా, ఇవి లేకపోతే టోకెనే. మా వాచ్‌మన్ ఒకసారి గేటు దగ్గరే తల్లి చేతిలో బిడ్డ తల వాలి ఉండటం చూసి, తనే ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ బిడ్డ షుగర్ 28 ఉంది, ప్రమాదకరంగా తక్కువ. అతనికి "మందు" గురించి ఏమీ తెలియదు, "మత్తుగా ఉంటే ఆగొద్దు" అన్నది మాత్రం తెలుసు.

నేను లేనప్పుడు ఆసుపత్రి ఎవరి మాట మీద నడుస్తుందన్నది నాకు 2009లో తెలిసింది. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు ఊళ్లోకి వచ్చిన రోజు. నేను ఊళ్లో లేను, ఫోన్లు కలవలేదు. కింది వార్డులో ఏడుగురు పిల్లలున్నారు. అప్పటి మా హెడ్ సిస్టర్ వీధి మలుపులో నీళ్లు చూసిన వెంటనే ఎవరి అనుమతికీ ఆగకుండా పిల్లల్నీ తల్లుల్నీ పై అంతస్తుకు ఎక్కించింది. తర్వాత ఆక్సిజన్ సిలిండర్లు, తర్వాత మందులు. ఎక్స్‌రే మెషీన్ కింద మునిగిపోయింది. రెండు రోజుల తర్వాత నేను చేరుకున్నప్పుడు ఆమె మొదట అన్నది, "మెషీన్ కాపాడలేకపోయినాము మేడం" అని. పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. అదే ఒక నాలుగేళ్లు ముందైతే, నా అనుమతి లేకుండా పేషెంట్లను మార్చే ధైర్యం ఆ వార్డులో ఎవరికీ ఉండేది కాదు. అప్పుడేమయ్యేదో తలచుకోవాలన్నా భయం.

ఇక బావమరిది గారు. ఈ మాట జాగ్రత్తగా రాస్తున్నాను, అది మీ ఇంటి సంగతి కూడా కాబట్టి. ఆయన మంచివారే అయ్యుండవచ్చు. కానీ ఆయన మీద ఫిర్యాదు ఉంటే స్టాఫ్ ఎవరికి చెప్పుకోవాలి? మీకు చెబితే ఆ రాత్రే ఆయన చెవిన పడుతుందని అందరికీ తెలుసు. మీ భార్యకు చెబితే ఆమె తమ్ముడు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మనిషి ఫిర్యాదు చేయడు, మానేస్తాడు. నా దగ్గర మొదట్లో మా చిన్నమామగారు కౌంటర్లో కూర్చునేవారు. లెక్క రూపాయి తేడా రాదు. కానీ లీవు అడిగిన ప్రతి అమ్మాయినీ "పెళ్లి చూపులా?" అని అడిగేవారు. ఆయనకది చనువు. వాళ్లకు అవమానం. నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది, అదీ మానేసి వెళ్లిన ఒక సిస్టర్ పెళ్లిలో కలిసినప్పుడు చెబితే.

ఆయనను తీసేయమని నేను అనను. లెక్కలు, కొనుగోళ్లు, కరెంటు, జనరేటర్, బ్యాంకు ఆయనవి. డ్యూటీలు వేయడం, లీవులు ఇవ్వడం, కొత్తవాళ్లను తీసుకోవడం సిస్టర్ ఇన్‌ఛార్జ్‌వి, పై సంతకం మీది. ఈ గీత ఆయన కూర్చుని ఉండగానే స్టాఫ్ అందరికీ చెప్పండి. ఆయన గౌరవం తగ్గదు, ఎవరి పని ఏదో స్పష్టమవుతుంది. ఇంకో సంగతి, మీది 14 మంది. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి చోటా, 2013 చట్టం ప్రకారం, ఆడవాళ్ల లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దానికి ఒక సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. పేరుకు కాగితం మీద పెట్టవద్దు. నైట్ డ్యూటీ చేసే పిల్లలకు నిజంగా పోయి చెప్పుకోగలిగిన మనిషిని పెట్టండి. మేము ఒక రిటైర్డ్ టీచరమ్మను తీసుకున్నాం, నెలకోసారి వచ్చి అందరితో టీ తాగి వెళ్తారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు అర్థమవుతుంది. జీతం ఒకటో తారీఖున పడాలి. ఐదున ఐదొందలు ఎక్కువ ఇచ్చేకంటే ఒకటిన ఇవ్వడం మేలు, ఎందుకంటే వాళ్ల ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు ఆ తేదీ మీదే నడుస్తాయి. చాలా ఆసుపత్రుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు, ఒక నెల జీతం పట్టి ఉంచుతారు. మీరూ అలా చేస్తుంటే రేపే తిరిగి ఇచ్చేయండి. సర్టిఫికెట్ కోసం ఆగిన మనిషి మనసు పెట్టి పనిచేయదు. పది మంది దాటారు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్టండి: నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు మీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75. దీంట్లో చాలామంది యజమానులు చూడని లాభం ఒకటుంది. అర్హత ఉన్న ఉద్యోగినికి కాన్పు సెలవు 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. మీ సిస్టర్లందరూ ఇరవై నుంచి ముప్పై ఏళ్లవాళ్లు. పెళ్లి, కాన్పు అంటే ఉద్యోగం పోయినట్టే అనుకునే చోట ఎవరూ ఎక్కువ రోజులు ఉండరు. కాన్పు సెలవుకు వెళ్లి తిరిగొచ్చిన నా మొదటి సిస్టర్ ఇప్పుడు మా ఇన్‌ఛార్జ్. ఆమె పాపకు ఇప్పుడు పద్నాలుగేళ్లు.

కొందరు ఎలాగూ వెళ్తారు, దానికి మీరు కుంగిపోవద్దు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు పడినప్పుడు ఒక్క నెలలో మా ఏఎన్ఎం నర్సులు ముగ్గురు వెళ్లారు. ప్రభుత్వ ఉద్యోగం వస్తే ఎవరైనా వెళ్లాల్సిందే, స్వీట్లు పంచి పంపాం. మీకు బెంగళూరు హైవే మీదే ఉంది, రెండేళ్లు పని నేర్చుకున్న జీఎన్ఎం నర్సు అక్కడికి వెళ్లడం సహజం. దాన్ని నమ్మకద్రోహంగా చూడకండి. బాగా సాగనంపిన మనిషి తన చెల్లెల్ని, జూనియర్ని మీ దగ్గరికి పంపుతుంది. నా స్టాఫ్‌లో కనీసం తొమ్మిది మంది అలా వచ్చినవాళ్లే. ఆర్నెల్లలో ఆరుగురు వెళ్లడం మాత్రం బెంగళూరు వల్ల కాదు.

రోజూ చేసే పని ఒకటి చెబుతాను, దీనికి ఖర్చు లేదు. రాత్రి డ్యూటీ దిగేవాళ్లు, పొద్దున ఎక్కేవాళ్లు కౌంటర్ దగ్గర రిజిస్టర్ చేతులు మార్చుకుని వెళ్లిపోకుండా, ప్రతి బెడ్ దగ్గరా నిలబడి చార్జ్ ఇచ్చుకోవాలి. తల్లి వింటుండగా. డ్రిప్ ఎంత నడిచింది, మూత్రం పోశాడా, ఏ మందు బాకీ ఉంది. తల్లులే తప్పులు పట్టుకుంటారు, "రాత్రి ఆ ఇంజక్షన్ వేయలేదు కదమ్మా" అని. తర్వాత పది నిమిషాలు అందరం వార్డులోనే నిలబడతాం. నేను అడిగేది ఒకటే: "రాత్రి ఏం తేడా వచ్చింది?" ఆయమ్మ ముందు మాట్లాడుతుంది, నేను చివర మాట్లాడతాను. నేను ముందు మాట్లాడితే మిగతావాళ్లు నా మాటకు తలూపుతారు, అంతే. మొదటి రెండు వారాలు "ఏమీ లేదు మేడం" అనే అంటారు. మూడో వారంలో ఎవరో ఒకరు బల్బు పోయిందంటారు. ఆ బల్బు ఆ సాయంత్రానికి వేయించండి. తర్వాత అసలువి బయటికొస్తాయి.

రాత్రి ఫోన్‌లో ఆర్డర్ చెప్పినప్పుడు సిస్టర్ రాసుకుని తిరిగి చదవాలి: పిల్లవాడి పేరు, బరువు, మందు, మిల్లీగ్రాములు, ఎంఎల్. ఆమె చదివేదాకా నేను ఫోన్ పెట్టను. నిద్రలో ఉండి నేనే తప్పు చెప్పిన రాత్రులున్నాయి, ఆ తిరిగి చదవడంలోనే దొరికాయి. "మేడం, బరువు ఆరు కిలోలే కదా?" అని ఒక 22 ఏళ్ల అమ్మాయి రాత్రి మూడింటికి నన్ను అడగగలిగిందంటే అది నాకు వచ్చిన పెద్ద డిగ్రీ అనుకుంటాను.

ఇంత చెప్పానని అన్నిటినీ క్షమించమని కాదు. పొరపాటు వేరు, అబద్ధం వేరు. జ్వరం చూడకుండానే చార్టులో 98.6 అని రాసినవాళ్లకు ఒక్కసారి చెబుతాను, రెండోసారి పంపేస్తాను. పేషెంట్ దగ్గర చెయ్యి చాచినవాళ్లను, పిల్లల మీద చెయ్యి చేసుకున్నవాళ్లను, తాగి వచ్చినవాళ్లను మొదటిసారికే పంపేస్తాను. ఒక వార్డు బాయ్ డిశ్చార్జ్ రోజున తల్లుల దగ్గర యాభై, వంద అడుగుతున్నాడని తేలింది. ఆదోని వైపు నుంచి వచ్చిన తల్లి, సుగ్గికి (కోతల వలసకు) గుంటూరు పోయి మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బు అది. తొమ్మిదేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి అతను. గదిలోకి పిలిచి, జీతం చివరి రోజు వరకు లెక్కగట్టి చేతికిచ్చి పంపాను. బయట ఎవరికీ కారణం చెప్పలేదు, అందరికీ తెలుసు. అలాంటివాణ్ని ఉంచుకుంటే నిజాయితీగా పనిచేసేవాళ్లే ముందు మానేస్తారు.

నోటీసు ఇచ్చిన మీ సీనియర్ సిస్టర్ విషయానికి వస్తే, ఆమెను ఆపడానికి జీతం పెంచుతానని చెప్పవద్దు. ఈ వారంలో ఒక సాయంత్రం, ఓపీ అయ్యాక, బావమరిది గారు లేని సమయం చూసి కూర్చోమనండి. టీ తెప్పించండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టండి. "మీరు ఉండమని అడగడానికి పిలవలేదమ్మా. ఈ ఏడాదిన్నరలో నాకు చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి చెప్పి వెళ్లండి" అనండి. మొదట ఏమీ లేదంటుంది. ఆగండి. చెప్పడం మొదలుపెట్టాక ఒక్కదానికీ సంజాయిషీ ఇవ్వకండి, "అది అట్ల కాదు" అనకండి, కాగితం మీద రాసుకోండి. మీ గురించే చెబుతుంది, తట్టుకోండి. అందులో మీ చేతిలో ఉన్నది ఒకటి ఎంచుకుని ఆమె ఇంకా డ్యూటీలో ఉండగానే మార్చేయండి, మిగిలినవాళ్లందరూ అది చూడాలి. ఆమె వెళ్లే రోజున ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, పూర్తి జీతం ఆ రోజే చేతికివ్వండి, మీ నంబరు ఆమె దగ్గర ఉండనివ్వండి. ఆమె రాయించిన ఆ కాగితంలో ఏముందో, మీకు ఇష్టమైతే, మళ్లీ ఇక్కడ రాయండి. ఒక్కొక్కటీ చూసి నాకు తోచింది చెబుతాను.